గోనెసంచి కట్టిన ఊరు, పొగలో వండిన చేప

స్కాట్లాండ్ అనగానే మనవాళ్లు ఎడింబరో కోట, లాక్ నెస్, స్కై దీవి అని వరసగా చెప్పేస్తారు. తూర్పు తీరంలోని ఆంగస్ కౌంటీ పేరు ఎవరి నోటా రాదు. దాన్ని ఆనుకుని, టే నది సముద్రంలో కలిసేచోట ఉన్న డండీ నగరంలోనూ దిగేవాళ్లు తక్కువే. నిజానికి ఆ దేశంలో తెలుగువాళ్లకు పాత చుట్టరికం ఉన్న ఊరంటూ ఉంటే అది డండీయే.

ఆ చుట్టరికం గోనెసంచిది. పందొమ్మిదో శతాబ్దంలో బెంగాల్ జనపనార ఓడలకెక్కి డండీ చేరేది. ఆ నార గరుకు, మరలకు లొంగదు. డండీ తిమింగలాల వేటకు పేరుపడ్డ రేవు కావడంతో, తిమింగలం నూనె పట్టించి నారను మెత్తబరిచారు. మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. పనిలేక ఇంటిపట్టున ఉన్న మగవాళ్లను ఊరు ‘కెటిల్ బాయిలర్లు’ (ఇంట్లో టీ నీళ్లు కాచేవాళ్లు) అనేది. 1855లో డండీ యంత్రాలే హుగ్లీ ఒడ్డున రిష్రాకు చేరాయి. తర్వాత అక్కడి మిల్లుల్లో కూలికి గంజాం, విశాఖ జిల్లాల నుంచి మన జనం వలసపోయారు. చిట్టివలస, నెల్లిమర్ల జూట్ మిల్లులు ఎరిగినవాళ్లు డండీలోని వర్డెంట్ వర్క్స్ మ్యూజియం తప్పక చూడాలి. పాత మరలను అక్కడ ఇప్పటికీ తిప్పి చూపిస్తారు. ఆ రేవుకు చివరి జనపనార ఓడ 1998లో వచ్చింది.

మిల్లులు పోయినా ఊరు చతికిలపడలేదు. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ వీడియో గేమ్ పుట్టింది ఇక్కడే. నది ఒడ్డున 2018లో జపాన్ వాస్తుశిల్పి కెంగో కుమా కట్టిన వీ అండ్ ఏ మ్యూజియం ఉంది. దాని పక్కనే కెప్టెన్ స్కాట్‌ను అంటార్కిటికాకు తీసుకెళ్లిన డిస్కవరీ ఓడ. అది 1901లో ఈ ఊళ్లోనే తయారైంది.

డండీ నుంచి సముద్రం పక్కనే సాగే రైలెక్కితే ఆంగస్‌లోని ఆర్బ్రోత్ వస్తుంది. ఎర్ర ఇసుకరాయితో కట్టిన మఠం సగం కూలి కనిపిస్తుంది. స్కాట్లాండ్ స్వతంత్ర దేశమని, రాబర్ట్ బ్రూస్ తమ రాజని చెబుతూ 1320లో ప్రభువులు పోప్‌కు పంపిన లేఖ మీద ఈ ఊరి పేరే ఉంది. ఒడ్డుకు 18 కిలోమీటర్ల దూరంలో బెల్ రాక్ దీపస్తంభం. పోటు వస్తే మునిగిపోయే బండ అది. నీళ్లు తీసిన కొద్ది గంటల్లోనే పనిచేస్తూ రాబర్ట్ స్టీవెన్సన్ బృందం దాన్ని లేపింది. 1811 నుంచి అలల దెబ్బలు కాచుకుంటూ నిలబడే ఉంది.

ఇక ఆర్బ్రోత్ స్మోకీ. తల తీసిన హ్యాడక్ చేపలకు ఉప్పు పట్టించి, జంటజంటగా తోకలు కలిపి కట్టి, కర్రకు అటొకటి ఇటొకటి వేలాడదీస్తారు. పీపా అడుగున గట్టి కలప నిప్పు, పైన ఈ చేపల కర్రలు. మూత పెట్టి, అంచుల్లోంచి ఆవిరి పోకుండా తడి గోనెపట్టాలు కప్పుతారు. గంటలోపే చేప రాగిరంగు తిరుగుతుంది. తోలు ఒలిస్తే లోపల తెల్లటి కండ పొరలుపొరలుగా విడిపోతుంది. పొగవాసన ఉంటుంది కానీ ఎండుచేప గట్టిదనం ఉండదు. రేవు దగ్గర వేడివేడిగా తిన్నదానికి సాటి రాదు. ఈ పేరు పెట్టుకునే హక్కు ఆర్బ్రోత్ చుట్టూ 8 కిలోమీటర్లలో చేసిన చేపకే ఉంది.

‘పీటర్ పాన్’ రచయిత బ్యారీ పుట్టిన కిరీమ్యూర్, పిక్ట్ జాతివాళ్లు చెక్కిన అబెర్లెమ్నో రాళ్లు ఇంకా లోపలికి వెళ్తే కనిపిస్తాయి. చలికాలంలో ఆ రాళ్లను చెక్కపెట్టెలతో మూసేస్తారు, అందుకని ముందే చూడాలి. అక్టోబరు అయితే మాంట్రోజ్ బేసిన్‌లో ఐస్‌లాండ్ నుంచి వేలకు వేలు దిగే గులాబి కాళ్ల పెద్దబాతులూ కనిపిస్తాయి.

పిల్లలు బ్రిటన్‌లో చదువుతున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈసారి వెళ్లినప్పుడు రెండు రోజులు డండీలో బస చేయండి. ఎడింబరో నుంచి రైల్లో గంటన్నర, డండీ నుంచి ఆర్బ్రోత్ ఇరవై నిమిషాలే.