నమూనా పత్రము – భాషా మర్యాద

ఢిల్లీ నుండి మథురకు పోయే మార్గంలో ఫరీదాబాద్ ఉన్నది. దేశ విభజనానంతరం వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుండి తరలివచ్చిన శరణార్థుల కొరకు 1949లో అక్కడ కొత్త పట్టణ నిర్మాణానికి పూనుకొన్నారు. ఆ కొత్త పారిశ్రామిక వాడలోనే భారత ప్రభుత్వ ముద్రణాలయం ఒకటి వెలసినది. భారత గెజెట్‌లోని కొన్ని భాగాలు అక్కడ అచ్చయ్యేవి. ఆ సంచికలలో ముద్రించినవారెవరో, ప్రకటించినవారెవరో తెలిపే వాక్యం ఒకటి కనిపిస్తుంది. సంచిక మారినా, విషయం మారినా ఆ వాక్యం మాత్రం మారదు. కార్యాలయ భాషలో నమూనా అనగా ఏమో తెలుసుకొనడానికి ఆ ఒక్క వాక్యం చాలును.

సీసపు అక్షరాలు కూర్చిన కాలంలో ముద్రణాలయాలకు ఒక కట్టుబాటు ఉండేది. మాటిమాటికి కావలసిన పత్రాన్ని ఒకమారు కూర్చి, చట్రంలో బిగించి, విప్పకుండా భద్రపరచేవారు. మరల అవసరమైనపుడు పేరు, తేదీ, సంఖ్య మాత్రమే మార్చేవారు. శీర్షికకు ఏ అక్షరం, పేరాకు ఎంత ఎడం అన్నది ముందే నిర్ణయమై ఉండేది. కంపోజిటరు తన అభిరుచి కొలది దానిని మార్చడానికి వీలులేదు. మార్చినచో ప్రూఫు దిద్దేవారి కంట పడక తప్పదు.

రూపానికే కాక మాటతీరుకు కూడా ఇట్టి నియమమే ఉన్నది. కేంద్ర సచివాలయ పద్ధతిలో లేఖ వేరు, అర్ధాధికార లేఖ వేరు, ఆఫీసు మెమొరాండం వేరు. మెమొరాండం ప్రథమ పురుషలో సాగుతుంది. దానిలో సంబోధన ఉండదు. ‘భవదీయుడు’ వంటి ముగింపు ఉండదు. క్రింద అధికారి సంతకము, పేరు, హోదా మాత్రమే ఉంటాయి. అర్ధాధికార లేఖలోనైతే ఒక అధికారి మరొక అధికారిని పేరు పెట్టి పలకరిస్తాడు. కనుక నమూనా కేవలం అలంకారం కాదు. మాట్లాడుతున్నది వ్యక్తియా, ప్రభుత్వమా అన్న సంగతిని అదే చెబుతుంది.

కాలక్రమాన ఆ ముద్రణ వ్యవస్థ మారినది. 2015 అక్టోబరు నుండి గెజెట్‌ను కాగితంపై అచ్చువేయడం మాని, ఎలక్ట్రానిక్ రూపంలో ప్రకటిస్తున్నారు. 2017 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 17 ప్రభుత్వ ముద్రణాలయాలను అయిదింటిగా విలీనం చేయడానికి ఆమోదించినది. ఆ అయిదింటిలో ఫరీదాబాద్ లేదు. ఒకనాడు కంపోజిటరు చేసిన పని నేడు ప్రతి గుమాస్తా బల్లమీదికి వచ్చినది. కాని ప్రూఫు దిద్దేవాడు మాత్రం వెంట రాలేదు. పాత ఉత్తరాన్ని తెరచి, పేరు మార్చి, కొత్త ఉత్తరంగా పంపడం అలవాటైనది. అందువల్ల పాత తేదీయో, పరాయివాని చిరునామాయో కొత్త పత్రంలో మిగిలిపోతుంది. ఒకే కార్యాలయం నుండి నాలుగు రూపాల ఉత్తరాలు బయలుదేరుతాయి.

దీనికి మందు కష్టమైనది కాదు. మూల నమూనా ఒక్కచోటనే ఉండవలెను. దానిని అందరూ వాడవచ్చును. మార్చే అధికారం మాత్రం ఒకరికే ఉండవలెను. మార్చిన తేదీ దానిపైనే కనబడవలెను. శీర్షికను చేతితో పెద్దది చేయక, ‘శీర్షిక’ అన్న శైలిని దానికి తగిలించవలెను. అపుడు ఆ శైలిని ఒకచోట సవరిస్తే పత్రమంతటా శీర్షికలు వాటంతట అవే సవరింపబడతాయి. తెలుగు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగుకు స్థానమున్నది. దానిని విడిచి, ఏదో ఒక యంత్రానికే తెలిసిన అక్షరాలలో నమూనా కూర్చితే, పొరుగు కార్యాలయంలో అది చదువరాని గీతల గుంపు అవుతుంది.

ఇంతవరకు యంత్రం మాట. నమూనాలోని తెలుగు ఎవరిది? ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చినది. నాటినుండి నేటివరకు కార్యాలయ వాక్యం తరచు ఆంగ్ల వాక్యపు నీడలోనే నడుస్తున్నది. ‘తమ దరఖాస్తు పరిశీలించబడి తిరస్కరించబడినది’ అంటారు. తిరస్కరించినది ఎవరు? ఎందుకు? ఇక చెప్పుకొనేది ఎవరితో? వాక్యంలో కర్త లేడు. కారణానికి చోటు లేదు. సమాచార హక్కు చట్టం, 2005, ఏడవ సెక్షను ఎనిమిదవ ఉపసెక్షను ఈ సంగతినే పట్టించుకొన్నది. కోరిన సమాచారం నిరాకరించినపుడు కారణాలను, అప్పీలుకు గల గడువును, అప్పీలు వినే అధికారి వివరాలను తెలుపవలెనని అది శాసించినది. ఈ మూడింటికి నమూనాలో మూడు ఖాళీలు ఉంచితే, వాటిని నింపక గుమాస్తాకు గత్యంతరం లేదు. ఖాళీలే లేకపోతే పౌరుని హక్కు చట్టపు పుటలోనే ఉండిపోతుంది.

కావ్యంలో దొరలిన తప్పు ఆ కావ్యానికే మచ్చ. నమూనాలో దొరలిన తప్పు దానినుండి పుట్టిన ప్రతి ఉత్తరానికి సంక్రమిస్తుంది. ఒప్పు కూడా అట్లే సంక్రమిస్తుంది. ‘ఈ కారణం వల్ల మీ దరఖాస్తును అంగీకరించలేదు, మీరు ఫలానా అధికారికి ఇన్ని రోజులలోగా అప్పీలు చేసుకొనవచ్చును’ అని తేటగా ఒకమారు వ్రాసి పెడితే, అది వేలమందికి అందుతుంది. కవి పేరు ఆ వాక్యం క్రింద ఉండదు. అయినా పింఛను ఉత్తరం చేతబట్టుకొని చదివించుకొనే ముసలివానికి తెలుగు గద్యం ఎదురయ్యేది అక్కడనే. ఆ గద్యాన్ని తీర్చడం తెలుగు రచయితకు తగని పని కాదు.