పేకముక్కల ఇంజనీరు

ధన్‌బాద్‌లో పెరిగిన అనురాగ్ దీక్షిత్ రాసిన సాఫ్ట్‌వేర్ ప్రపంచంలోనే అతిపెద్ద పోకర్ బల్ల అయింది. 33 ఏళ్లకే ఆయన్ను కుబేరుణ్ని చేసిన ఆ ఆటే అమెరికా న్యాయస్థానంలో బోనెక్కించింది

2008 డిసెంబరు 16. మాన్‌హటన్‌లోని ఫెడరల్ కోర్టు. జడ్జి జెడ్ రాకాఫ్ ఎదుట నిలబడ్డ 37 ఏళ్ల భారతీయుణ్ని ఎవరూ పట్టి తీసుకురాలేదు. జిబ్రాల్టర్‌లో నివాసముంటున్న ఆయన తనంతట తానే విమానమెక్కి వచ్చారు. ఆన్‌లైన్ జూదం నడిపిన నేరాన్ని ఒప్పుకున్నారు. తాము చేస్తున్నది అమెరికా చట్టాలకు విరుద్ధమై ఉండే అవకాశం చాలా ఎక్కువని తనకు క్రమంగా అర్థమైందని కోర్టుకు విన్నవించుకున్నారు. 30 కోట్ల డాలర్లు, అంటే అప్పటి మారకం రేటు ప్రకారం సుమారు రూ.1,400 కోట్లు, అమెరికా ప్రభుత్వానికి అప్పగించడానికి సరేనన్నారు. జైలుశిక్ష పడితే రెండేళ్ల దాకా పడవచ్చు.

ఆయన పేరు అనురాగ్ దీక్షిత్. ఐఐటీ-ఢిల్లీ కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుడు. సిలికాన్ వ్యాలీ విజయగాథలు వినీ వినీ అలవాటుపడ్డ భారత మధ్యతరగతికి ఇలాంటి ఐఐటీ కథ కొత్త. ఇందులో ప్రతిభ ఉంది, సాహసం ఉంది, ఊహకందని సంపద ఉంది. లేనిదల్లా పిల్లలకు ఆదర్శంగా చూపించే వీలు.

బల్లకు అద్దె

దీక్షిత్ 1994లో ఐఐటీ నుంచి బయటికొచ్చి, ఆ తరం ఇంజనీర్లందరిలాగే అమెరికా దారి పట్టారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేశారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది రూత్ పారసోల్. కాలిఫోర్నియాకు చెందిన న్యాయవాది అయిన ఆమె 1997లో స్టార్‌లక్ పేరుతో ఆన్‌లైన్ కేసినో ప్రారంభించారు. దాన్ని నడిపే సాంకేతిక వ్యవస్థను నిర్మించే మనిషి కోసం వెదుకుతూ 1998లో 26 ఏళ్ల దీక్షిత్‌ను ఎంచుకున్నారు. కొద్దికాలానికే దీక్షిత్ తన ఐఐటీ సహాధ్యాయి విక్రాంత్ భార్గవను పిలిపించుకున్నారు. కోడ్ ఒకరిది, మార్కెటింగ్ ఇంకొకరిది. పారసోల్, ఆమె భర్త రస్ డిలియన్, ఈ ఇద్దరు భారతీయులు - నలుగురి చేతుల్లోనే సంస్థ ఎదిగింది.

2001 ఆగస్టులో వారు పార్టీపోకర్ ప్రారంభించారు. అసలు మలుపు అదే. కేసినోలో ఆటగాడు సంస్థతో తలపడతాడు. వాడు గెలిస్తే సంస్థకు నష్టం, వాడు ఓడితే లాభం. పోకర్ అలా కాదు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడతారు. బల్ల వేసినవాడు ఎవరు గెలిచినా పట్టించుకోనక్కర్లేదు. ప్రతి ఆటలో పోగుపడిన పందెం సొమ్ము నుంచి చిన్న వాటా, సాధారణంగా 5 శాతం దాకా, అదీ కొద్ది డాలర్లకు మించకుండా, తీసుకుంటాడు. ఒక రకంగా అది బల్లకు అద్దె.

మన ఊళ్లలో పేకాట క్లబ్బు నడిపేవారికి ఈ లెక్క చెప్పనక్కర్లేదు. తేడా వేగంలో ఉంది. కంప్యూటర్ ముక్కలు కలపడానికి క్షణం పట్టదు. మనుషులు పంచే బల్ల మీద గంటకు పాతిక, ముప్ఫై ఆటలు సాగితే తెర మీద అంతకు రెట్టింపు సాగుతాయి. పైగా ఒకే మనిషి ఒకేసారి నాలుగు బల్లల దగ్గర కూర్చోగలడు. అద్దె చిల్లరే, కానీ ఆ చిల్లర రాత్రింబవళ్లు రాలుతూనే ఉంటుంది.

అయితే బల్ల వేయడం చిన్న పనేమీ కాదు. ముక్కలు నిజంగానే కలిశాయని కంటికి కనపడని ఆటగాణ్ని నమ్మించాలి. ఇద్దరు ముగ్గురు ఫోన్లో మాట్లాడుకుంటూ మూడోవాణ్ని ముంచుతుంటే పసిగట్టాలి. క్రెడిట్ కార్డు మోసాలను అడ్డుకోవాలి. గెలిచినవాడికి డబ్బు చేర్చాలి. పదుల వేల మంది ఒకేసారి ఆడుతున్నా వ్యవస్థ కుప్పకూలకూడదు. దీక్షిత్ పనితనం కనపడింది ఇక్కడే. పత్రికలకు ముఖం చూపించడానికి పెద్దగా ఇష్టపడని ఈ ఇంజనీరు జూదాన్ని జూదంగా కాక, లక్షలాది లావాదేవీలను పొల్లు పోకుండా నడిపే సాంకేతిక సమస్యగా చూశారు.

హైదరాబాద్ రాత్రులు

ఈ కథలో తెలుగునేలకూ పాత్ర ఉంది. లైసెన్సు, ప్రధాన కార్యాలయం జిబ్రాల్టర్‌లో. సంపాదన అమెరికాలో. కానీ సంస్థ ఉద్యోగుల్లో అత్యధికులు పనిచేసింది హైదరాబాద్‌లో. ఐవీ కాంప్‌టెక్ పేరుతో నడిచిన కేంద్రం సాఫ్ట్‌వేర్ తయారీతో పాటు ఆటగాళ్ల ఫిర్యాదులు, చెల్లింపుల వ్యవహారాలు కూడా చూసేది. టెక్సస్‌లోనో, ఒహాయోలోనో అర్ధరాత్రి పందెం కాసి ఖాతాలో తేడా వచ్చిందని గగ్గోలు పెట్టే ఆటగాడికి సమాధానం హైదరాబాద్ నుంచి వెళ్లేది. సైబరాబాద్ ఎదుగుతున్న రోజులవి. ఎవరో డబ్బు పెట్టి ఆడే ఆటకు కాపలా కాయడం కూడా అప్పటి ఐటీ ఉద్యోగాల్లో ఒకటైంది.

2003లో అదృష్టం తలుపు తట్టింది. ఆ ఏడాది వరల్డ్ పోకర్ టూర్ అమెరికా టీవీలో ప్రసారమవడం మొదలైంది. ఆటగాళ్ల చేతుల్లోని ముక్కలు ప్రేక్షకులకు కనపడేలా కెమెరాలు అమర్చడంతో పోకర్ ఒక్కసారిగా చూడదగ్గ ఆట అయిపోయింది. పార్టీపోకర్ ఆ కార్యక్రమంలో ప్రకటనలు గుప్పించింది. దాని వ్యాఖ్యాత, పేరున్న ఆటగాడు మైక్ సెక్స్‌టన్ అప్పటికే పార్టీపోకర్ ప్రచారకర్త. అదే ఏడాది క్రిస్ మనీమేకర్ అనే టెన్నెసీ అకౌంటెంటు, ప్రత్యర్థి సంస్థ పోకర్‌స్టార్స్‌లో కొద్ది డాలర్లతో అర్హత సాధించి, ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. మనమూ గెలవవచ్చనే ఆశ ఇంటింటికీ పాకింది. లాభపడినవారిలో పార్టీపోకర్‌దే అగ్రస్థానం. 2005 నాటికి ప్రపంచ ఆన్‌లైన్ పోకర్‌లో సగానికి పైగా దాని బల్లల మీదే సాగుతోంది. 2004లో ఆదాయం 60 కోట్ల డాలర్లు. అందులో సగానికి మించి లాభమే.

రహస్యం లేని రహస్యం

2005 జూన్‌లో పార్టీగేమింగ్ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో అడుగుపెట్టింది. షేరు ధర 116 పెన్నీలు. సంస్థ విలువ 460 కోట్ల పౌండ్లకు పైనే, అంటే అప్పట్లో రూ.36,000 కోట్ల పైచిలుకు. అందరికంటే పెద్ద వాటాదారు దీక్షిత్. సెప్టెంబరు కల్లా సంస్థ బ్రిటన్‌లోని వంద అతిపెద్ద కంపెనీల సూచీ ఎఫ్‌టీఎస్ఈ-100లో చేరింది. శతాబ్దాల చరిత్ర ఉన్న బ్యాంకులు, చమురు కంపెనీల పక్కన నాలుగేళ్ల వయసున్న పేకాట బల్ల కూర్చుంది. దీక్షిత్ పేరు ఫోర్బ్స్ కుబేరుల జాబితాకెక్కింది.

విశేషమేమిటంటే, ముప్పును ఎవరూ దాచలేదు. అమెరికా సహా అనేక దేశాల అధికారులు ఈ వ్యాపారాన్ని చట్టవిరుద్ధంగా భావిస్తున్నారని ఇన్వెస్టర్లకిచ్చిన పత్రంలోనే రాసి ఉంది. ఆదాయంలో 90 శాతానికి దగ్గరగా అమెరికా నుంచే వస్తోందనీ ఉంది. రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివితే ఎవరికైనా వెన్నులో వణుకు పుట్టాలి. కానీ లాభాల అంకెలు చూసిన లండన్ మదుపరులు అమెరికా మాట వరసకే బెదిరిస్తోందని సరిపెట్టుకున్నారు. అమెరికా న్యాయశాఖ ఆయుధం 1961 నాటి వైర్ చట్టం. టెలిఫోన్ తీగల మీద పందాలు సేకరించే ముఠాల కోసం చేసిన ఆ చట్టం ఇంటర్నెట్ పోకర్‌కు వర్తిస్తుందా లేదా అన్నది తేలని ప్రశ్న. తేలని ప్రశ్న మీద లేచిన మేడ అది.

2006 వేసవిలో గాలి మారింది. జులైలో బెటాన్‌స్పోర్ట్స్ అధిపతి డేవిడ్ కరూథర్స్‌ను విమానం మారుతుండగా డాలస్‌లో అరెస్టు చేశారు. సెప్టెంబరులో స్పోర్టింగ్‌బెట్ ఛైర్మన్ పీటర్ డిక్స్‌ను న్యూయార్క్‌లో పట్టుకున్నారు. ఆ నెలాఖరున అమెరికా కాంగ్రెస్ ఎన్నికల సెలవులకు వెళ్లే ముందు ఓడరేవుల భద్రత బిల్లు ఆమోదించింది. దాని తోకకు ఆన్‌లైన్ జూదానికి డబ్బు చెల్లింపులను నిషేధించే నిబంధనలు కట్టి ఉన్నాయి. అక్టోబరు 2, సోమవారం లండన్ మార్కెట్ తెరుచుకుంది. పార్టీగేమింగ్ షేరు ఒక్క రోజులో 60 శాతానికి దగ్గరగా పడిపోయింది. అక్టోబరు 13న అధ్యక్షుడు బుష్ సంతకం చేయగానే సంస్థ అమెరికా ఆటగాళ్లకు తలుపులు మూసింది.

అదే సమయంలో ప్రత్యర్థులు పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్ కదల్లేదు. అవి స్టాక్ మార్కెట్లో లేని ప్రైవేటు సంస్థలు, జవాబు చెప్పాల్సిన వాటాదారులు లేరు. పార్టీపోకర్ వదిలేసిన ఆటగాళ్లంతా వాటి బల్లల దగ్గరికి చేరారు. చట్టం వచ్చిన రోజే తప్పుకున్నవాడు వెనకబడ్డాడు, తప్పుకోనివాడు రాజయ్యాడు. వాళ్ల లెక్క తేలడానికి 2011 ఏప్రిల్ 15 దాకా పట్టింది. ఆ రోజు అమెరికా ప్రభుత్వం వాటి వెబ్ చిరునామాలను స్వాధీనం చేసుకుని కేసులు పెట్టింది.

ఒప్పుకోలు విలువ

దీక్షిత్ అప్పటికే సంస్థ పదవులు వదిలేశారు. కానీ గతం మిగిలే ఉంది. జిబ్రాల్టర్‌లో కూర్చుంటే అమెరికా ఏమి చేయగలదన్నది ఒక వాదన. జీవితాంతం ప్రతి విమానాశ్రయంలో వెనక్కి తిరిగి చూసుకోవాలన్నది రెండోది. ఆయన నేరం ఒప్పుకునే దారే ఎంచుకున్నారు. వ్యవస్థాపకుల్లో ఆ దారి పట్టింది ఆయనొక్కరే. నాలుగు నెలల తర్వాత, 2009 ఏప్రిల్‌లో, సంస్థ 10.5 కోట్ల డాలర్లు చెల్లించి ప్రాసిక్యూషన్ లేకుండా బయటపడింది. ఒక వ్యక్తి కట్టిన మొత్తం ఆయన స్థాపించిన కంపెనీ కట్టినదానికి దాదాపు మూడు రెట్లు. 2010 డిసెంబరులో జడ్జి రాకాఫ్ ఏడాది ప్రొబేషన్‌తో సరిపెట్టారు. జైలు తప్పింది.

సరిగ్గా ఏడాది తర్వాత అసలు వింత జరిగింది. వైర్ చట్టం క్రీడల మీద కాసే పందాలకే వర్తిస్తుందని అమెరికా న్యాయశాఖ 2011 డిసెంబరులో తన అభిప్రాయాన్ని మార్చుకుంది. అంటే పోకర్ ఆ పరిధిలో లేనట్టే. ట్రంప్ హయాంలో న్యాయశాఖ మళ్లీ మాట మార్చినా, 2021లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు పాత అర్థమే సరైనదంది. ఈలోగా 2013లో న్యూజెర్సీ రాష్ట్రం ఆన్‌లైన్ పోకర్‌ను చట్టబద్ధం చేసింది. అక్కడ తొలి లైసెన్సుదారులతో కలిసి బల్ల వేసినవాటిలో పార్టీపోకర్ కూడా ఉంది. ఏ ఆటకు 30 కోట్ల డాలర్లు కట్టారో అదే ఆట, అదే పేరుతో, ప్రభుత్వానికి పన్ను కడుతూ.

దీక్షిత్ మాత్రం తిరిగి రాలేదు. 2010 కల్లా తన వాటాలన్నీ అమ్మేశారు. భార్యతో కలిసి 2008లో నెలకొల్పిన కుసుమ ట్రస్టు ద్వారా ఒడిశా, ఉత్తరప్రదేశ్‌లలో పిల్లల చదువుల మీద డబ్బు వెచ్చించారు. జూదం సొమ్ముతో బడులా అని ముక్కు విరిచేవారుండవచ్చు. బడికి వెళ్లే పిల్లకు ఆ సందేహం రాదు. పార్టీగేమింగ్ 2011లో ఆస్ట్రియాకు చెందిన బివిన్‌తో కలిసిపోయింది. ఆ కొత్త సంస్థను 2016లో జీవీసీ కొనుక్కుంది. 2020లో జీవీసీ కాస్తా ఎంటెయిన్ అయింది.

ఇంట గెలవని ఆట

చేతులు ఎన్ని మారినా హైదరాబాద్ కేంద్రం మాత్రం నిలబడింది. ఐవీ కాంప్‌టెక్ ఆ తర్వాత ఎంటెయిన్ ఇండియాగా పేరు మార్చుకుంది. పని విదేశీ మార్కెట్ల కోసమే. ఎందుకంటే ఇంజనీర్లున్న ఊళ్లోనే ఆట మీద నిషేధం పడింది. తెలంగాణ 2017లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, రమ్మీతో సహా, నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు రెండు ప్రభుత్వాలకూ కారణం చూపించాయి.

నిజానికి నైపుణ్యమా, అదృష్టమా అన్న తగవు ఇక్కడ పాతదే. సికింద్రాబాద్ క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో, 1968 నాటి తీర్పుగా పేరుపడ్డ నిర్ణయంలో, రమ్మీలో నైపుణ్యం పాలు ఎక్కువని సుప్రీంకోర్టు చెప్పింది. ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఆ మాటను మంత్రంలా జపించాయి. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆట మీద క్లబ్బు యజమాని లాభం గుంజుతుంటే నేరం రుజువు కావచ్చని. ఆ మాటను అంతగా ఎవరూ తలచుకోలేదు. బల్లకు అద్దె మీదే బతికే వ్యాపారానికి అసలు ప్రశ్న అదే.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆ తగవుకు తనదైన ముగింపు పలికింది. నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. నిర్వాహకులకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. వేల ఉద్యోగాలు పోతాయని కంపెనీలు, వేల కుటుంబాలు నిలబడతాయని ప్రభుత్వం. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది.

లండన్ మదుపరులు 2005లో చదివీ పట్టించుకోని వాక్యం ఇక్కడి కంపెనీలూ చదివే ఉంటాయి. అవి కూడా కోర్టు తీర్పులో తమకు నచ్చిన సగాన్ని పట్టుకుని మేడ కట్టాయి. పోకర్‌లో ఎదుటివాడి ముక్కలను అంచనా వేయడమే నేర్పు. దీక్షిత్ కట్టిన బల్ల మీద లక్షల మంది ఆ నేర్పు చూపించారు. బల్ల వేసినవాడు అంచనా వేయలేకపోయింది ఒక్క ప్రభుత్వం చేతిలోని ముక్కనే.