సాగర్ ఒడ్డున ప్రోటోటైప్ కార్లు
ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి సీజన్ కథ

మోటారు పందేలలో ‘ప్రోటోటైప్’ అనే మాటకు నిఘంటువులు చెప్పే ‘నమూనా’ అనే అర్థం సగం మాత్రమే సరిపోతుంది. షోరూములో అమ్మే కారును మార్చి పందేనికి దింపితే అది టూరింగ్ కారో జీటీ కారో అవుతుంది. నాలుగు చక్రాలూ బయటికి కనిపిస్తూ సన్నగా పొడవుగా ఉండేది ఫార్ములా కారు. చక్రాలను కప్పే తొడుగుతో, నేలకు అతి దగ్గరగా, ఏ ఇంటి వాకిట్లోనూ నిలబడవలసిన అవసరం లేకుండా పందెం కోసమే పుట్టినది ప్రోటోటైప్. ఈ మూడో జాతి కార్లు 2022 నవంబరు 19న హైదరాబాద్‌లోని హుస్సేన్‌సాగర్ ఒడ్డున, జంటనగరాల జనం రోజూ ఆఫీసులకూ షికార్లకూ వెళ్లే రోడ్డు మీదికి వచ్చాయి. ఇండియన్ రేసింగ్ లీగ్ అనే కొత్త పోటీల వరుసకు అది తొలి సీజన్, తొలి వారాంతం. ఆ సీజన్‌ను విజేతల పట్టికగానే గుర్తుపెట్టుకుంటే దానిలోని అసలు విషయం చేజారుతుంది. నవంబరులో తడబడి డిసెంబరులో నిలదొక్కుకోవడమే ఆ సీజన్ సారం.

ప్రోటోటైప్ కారు ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఎండ్యూరెన్స్ రేసింగ్ గురించి, అంటే ఓర్పును పరీక్షించే దీర్ఘకాలపు పందెం గురించి, కొంత తెలుసుకోవాలి. మామూలు పందెంలో ఇన్ని చుట్లను ఎవరు ముందు పూర్తి చేస్తారన్నది ప్రశ్న. ఎండ్యూరెన్స్‌లో గంటలు ముందే నిర్ణయమై ఉంటాయి, ఆ గంటల్లో ఎవరు ఎక్కువ దూరం వెళ్తారన్నది ప్రశ్న. ఫ్రాన్సులోని లె మాన్ పట్టణంలో 1923లో మొదలైన ఇరవైనాలుగు గంటల పందెం దీనికి మూలపీఠం. అక్కడ ఒక చుట్టు 13 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, అందులో గణనీయమైన భాగం మిగతా రోజుల్లో లారీలూ కార్లూ తిరిగే మామూలు రోడ్డే. ఒక్కో కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. ఏ డ్రైవరైనా ఆరు గంటల వ్యవధిలో నాలుగు గంటలకు మించి, మొత్తం మీద పద్నాలుగు గంటలకు మించి నడపకూడదు. కారు ఆగి ఇంధనం నింపుకునే, టైర్లు మార్చుకునే, డ్రైవరును దించి ఇంకొకరిని ఎక్కించుకునే చోటును పిట్ అంటారు. ఇంత సుదీర్ఘమైన పందెంలో ఏదో ఒకటి చెడిపోవడం దాదాపు ఖాయం కాబట్టి, చెడిపోయినదాన్ని ఎంత త్వరగా బాగుచేసి మళ్లీ పరుగులో పెట్టగలరన్నదే చాలాసార్లు గెలుపోటములను తేలుస్తుంది.

భారతీయులకు ఈ రంగంతో పరిచయం ఆలస్యంగానే కలిగింది. ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ నేటి రూపంలో తొలి సీజన్ జరుపుకున్న 2012లోనే చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ జేఆర్ఎం జట్టు ప్రోటోటైప్‌లో డేవిడ్ బ్రాబమ్, పీటర్ డంబ్రెక్‌లతో కలిసి లె మాన్ పందెంలో పాల్గొని, మొత్తం మీద ఆరో స్థానం సాధించాడు. లె మాన్ బరిలో నిలిచి పందెం నడిపిన తొలి భారతీయుడు అతడే. అయితే ఇవన్నీ దూరదేశాల కబుర్లు. ఇక్కడి ప్రేక్షకుడు అలాంటి కారును కళ్లారా చూడాలంటే అది ఇక్కడికే రావాలి.

లీగ్ నిర్వాహకులు ఎంచుకున్నది ఇటలీకి చెందిన వుల్ఫ్ సంస్థ తయారీ జీబీ08 థండర్ అనే కారు. ఇటలీలో స్పోర్ట్ ప్రోటోటైప్ చాంపియన్‌షిప్‌లో పరుగెత్తేది కూడా ఈ కారే. డ్రైవరు చుట్టూ ఉండే గట్టి గుల్లను మోనోకోక్ అంటారు. ఇందులో అది కార్బన్ ఫైబర్‌తో, అంటే కర్బనపు దారాలను జిగురుతో బిగించి చేసిన, ఉక్కు కంటే ఎంతో తేలికైన పదార్థంతో తయారవుతుంది. ఇంజిన్ కథ ఇంకా ఆసక్తికరమైనది, ఎందుకంటే అది కారు ఇంజిన్ కాదు, ఏప్రిలియా సంస్థ వారి స్పోర్ట్స్ మోటారు సైకిల్ నుంచి వచ్చిన 1,100 సీసీ వీ4 ఇంజిన్. నాలుగు సిలిండర్లు రెండు వరుసలుగా ‘వీ’ అక్షరం ఆకారంలో అమరి ఉండటం వల్ల దానికి ఆ పేరు. సుమారు 220 హార్స్‌పవర్ శక్తినిచ్చే ఆ చిన్న ఇంజిన్ అంత తేలికైన శరీరాన్ని లాగినప్పుడు వచ్చే వేగాన్ని, బరువైన సెడాన్‌లో అంతే శక్తి ఇచ్చే వేగంతో పోల్చలేము. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని స్పేర్ పార్టుల దుకాణాల మధ్య పెరిగిన మెకానిక్కుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. బైకు ఇంజిన్ ఎంత ఎత్తున అరుస్తుందో, ఆ అరుపులో శక్తి ఎక్కడ దాగి ఉంటుందో అతనికి చేతివేళ్లతో తెలుసు.

పోటీల నిర్మాణంలో కూడా ఎండ్యూరెన్స్ వాసన ఉంది. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్, చెన్నై టర్బో రైడర్స్, బెంగళూరు స్పీడ్‌స్టర్స్, గాడ్‌స్పీడ్ కొచ్చి, గోవా ఏసెస్, స్పీడ్ డీమన్స్ ఢిల్లీ అనే ఆరు జట్లు. జట్టుకు రెండు కార్లు, నలుగురు డ్రైవర్లు. అంటే ఒక కారును ఇద్దరు పంచుకోవాలి, ఒకరి ఎత్తుకూ చేతిపొడుగుకూ కుదిరిన సీటులో ఇంకొకరు కూర్చోవాలి, ఒకరు పాడుచేసినదాన్ని ఇంకొకరు భరించాలి. ప్రతి జట్టులోనూ ఒక మహిళా డ్రైవరు ఉండాలన్న నియమం ఈ లీగ్‌కు గొప్ప అలంకారం, ఎందుకంటే అందరికీ ఒకే రకం కారు ఇచ్చినప్పుడు మిగిలేది మనిషి నైపుణ్యం ఒక్కటే, దానికి స్త్రీపురుష భేదం లేదు. పందేలు మాత్రం గంటల తరబడి సాగేవి కావు కాబట్టి దీనిని శుద్ధమైన ఎండ్యూరెన్స్ అనలేము. ఎండ్యూరెన్స్ కోసం పుట్టిన కారుకు నగరపు ప్రేక్షకుడి ఓపికకు తగిన పందెం కట్టారనడం సరైన మాట.

బ్లాక్‌బర్డ్స్ జట్టులో హైదరాబాద్‌కు చెందిన అనిందిత్ రెడ్డి, బెంగళూరుకు చెందిన అఖిల్ రబీంద్ర, ఫ్రాన్స్ యువతి లోలా లోవాన్‌ఫోస్‌లతో పాటు నీల్ జానీ ఉండటం ఈ సీజన్ మొత్తంలో అత్యంత విశేషమైన సంగతి. తండ్రి భారతీయుడైన ఈ స్విట్జర్లాండ్ డ్రైవరు 2016లో పోర్షే 919 హైబ్రిడ్‌లో రొమాన్ దుమా, మార్క్ లీబ్‌లతో కలిసి లె మాన్ గెలిచాడు. ఇరవైనాలుగు గంటల్లో చివరి కొన్ని నిమిషాలే మిగిలి ఉండగా ముందున్న టొయోటా శక్తి కోల్పోయి మందగించింది, వెనకే వస్తున్న పోర్షే దాన్ని దాటి గీత చేరింది. ఆ క్షణంలో స్టీరింగు పట్టుకుని ఉన్నది జానీయే. అతని జట్టు ఆ రోజు నడిపిన 384 చుట్లు కలిపితే 5,200 కిలోమీటర్లు దాటుతాయి. ఆ స్థాయి మనిషి ఎన్టీఆర్ మార్గ్‌లో, లుంబినీ పార్కు పక్కన మలుపు తిరగడం ఈ నగరపు క్రీడాచరిత్రలో చిన్న ఘట్టం కాదు. దానికి దక్కవలసిన శ్రద్ధ అప్పుడు దక్కలేదు.

పందెపు దారి గురించి వివరంగా చెప్పుకోవాలి. హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ ఏలుబడిలో తవ్విన చెరువు; దాని ఉత్తరాన 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది; అప్పటి నుంచి రెండు ఊళ్లనూ కలిపి ఉంచిన దారుల్లో ఆ చెరువు కట్ట ముఖ్యమైనది. కట్ట దక్షిణపు కొసన, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్, నెక్లెస్ రోడ్డు మొదలయ్యే చోటు చుట్టూ సుమారు 2.8 కిలోమీటర్ల సర్క్యూట్ గీశారు. కొత్త సచివాలయమూ, దాని దగ్గరి నూటఇరవైఐదు అడుగుల అంబేద్కర్ విగ్రహమూ అప్పటికి ఇంకా నిర్మాణంలోనే ఉన్నాయి. శాశ్వత ట్రాక్ అయితే కారు అదుపు తప్పినా ఇసుకలోకో ఖాళీ జాగాలోకో జారిపోయే వీలుంటుంది. ఊరి రోడ్డు మీద ఆ వెసులుబాటు లేదు, తప్పు జరిగిన మరుక్షణం కాంక్రీటు గోడ ఎదురవుతుంది. పైగా ప్రోటోటైప్ అడుగుభాగం నేలకు కొన్ని సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండి, దాని కింద దూసుకుపోయే గాలి కారును నేలకు అదిమిపట్టేలా రూపొందుతుంది. బస్సు డ్రైవరు గమనించని ఎగుడుదిగుడు కూడా అక్కడ ఆ అదుమును క్షణకాలం తెంచేస్తుంది. మ్యాన్‌హోల్ మూత, స్పీడ్ బ్రేకరు, డివైడరు, కాలిబాట అంచు, ఒక్కొక్కటీ ఇంజినీరుకు ఒక్కో లెక్క. ఆ లెక్కల కోసం డివైడర్లు తీశారు, తారు మళ్లీ వేశారు, కొన్ని చెట్లు కూడా తొలగించారు. చెట్ల విషయంలో వచ్చిన విమర్శ న్యాయమైనదే.

నవంబరు 19, 20 తేదీల్లో జరిగింది అందరూ ఆశించినది కాదు. కార్లు రోడ్డెక్కాయి, జనం కంచెల వెంట నిలబడ్డారు, కానీ సాధన పరుగుల్లో జరిగిన ప్రమాదమూ, దాని వల్ల పేరుకుపోయిన ఆలస్యమూ కలిసి సాయంత్రాన్ని మింగేశాయి. నవంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో ఐదున్నర దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది. పందేలకు తగిన దీపాలు ఆ దారికి లేవు. లీగ్ పందేలు జరగకుండానే వారాంతం ముగిసింది. టికెట్ కొన్నవారికి అది నిరాశ అన్నది కాదనలేము, అయినా మసక వెలుతురులో, గోడల మధ్య, కొత్త దారిలో కార్లను వదలకపోవడమే ఆ రోజు తీసుకున్న నిర్ణయాల్లో మంచిది.

తరువాతి రెండు వారాంతాలూ లీగ్ చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో, మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో సాగింది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1950ల నుంచి ముందు షోలవరం పాత విమానాల రన్‌వే మీద, తరువాత 1990 నుంచి ఇక్కడ, పందేలు నడిపిస్తూ వచ్చింది. ఏ జెండా ఎప్పుడు ఊపాలో తెలిసిన మార్షల్స్, అంటే మలుపు మలుపు దగ్గరా నిలబడి ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే స్వచ్ఛంద సిబ్బంది, అక్కడ తరాలుగా తయారయ్యారు. అలాంటి అనుభవం అద్దెకు దొరకదు, ఏళ్ల తరబడి అదే పని చేస్తేనే వస్తుంది. నవంబరులో హైదరాబాద్‌కు లేనిదేమిటో అక్కడ స్పష్టంగా కనిపించింది.

డిసెంబరు 10, 11 తేదీల్లో ఆఖరి ఘట్టం మళ్లీ సాగర్ ఒడ్డుకే వచ్చింది. మూడు వారాల క్రితం ఆగిపోయిన చోటే ఈసారి పందేలు జరిగాయి, సీజన్ పూర్తయింది. గాడ్‌స్పీడ్ కొచ్చి విజేతగా నిలిచింది. సొంతగడ్డ మీది బ్లాక్‌బర్డ్స్ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. కొచ్చి జట్టు డ్రైవర్లలో అలిస్టర్ యూంగ్ మలేసియా తొలి ఫార్ములా వన్ డ్రైవరు అలెక్స్ యూంగ్ కుమారుడు, రుహాన్ ఆల్వా బెంగళూరు కుర్రవాడు, ఫాబియన్ వోల్వెండ్ యూరప్‌లోని లిక్టెన్‌స్టైన్ అనే చిన్న దేశం నుంచి వచ్చిన యువతి. జట్టు పేరులో కొచ్చి ఉన్నా స్టీరింగు పట్టినవారు ఎక్కడెక్కడివారో చూస్తే, నగరాల పేర్లు పెట్టుకున్న ఈ లీగ్‌లో ఆయా నగరాల పాలు ఎంతన్న ప్రశ్న రాక మానదు. ఆ వాటా పెరగాలంటే డ్రైవర్ల కంటే ముందు మెకానిక్కులూ ఇంజినీర్లూ ఇక్కడివారు కావాలి. బాహా పోటీలకు సొంతంగా బగ్గీ కార్లు కట్టే ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు, వారిని పిట్‌లోకి తీసుకురావడం అసాధ్యం కాదు.

డిసెంబరులో కూడబెట్టుకున్న అనుభవం రెండు నెలల్లోనే అక్కరకు వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ అయిన ‘ఫార్ములా ఈ’ అదే ఒడ్డున జరగగా, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2013 నాటి ఫార్ములా వన్ తరువాత భారతదేశంలో జరిగిన తొలి ప్రపంచస్థాయి కార్ల పందెం అదే. తరువాతి ఏడు జరగవలసిన పందెం 2024 జనవరిలో రద్దయింది, దాని చెల్లింపుల వ్యవహారం దర్యాప్తు వరకూ వెళ్లింది. రోడ్డు మూసినందుకు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న జనం కోపమూ, ప్రజాధనం లెక్క అడిగేవారి ప్రశ్నలూ సహేతుకమైనవే. వాటికి జవాబు చెబుతూనే ఈ క్రీడ బతకాలి. కానీ మార్షల్స్, వైద్యబృందాలు, కంచెలు బిగించేవారు, రాత్రికి రాత్రి రోడ్డును ట్రాక్‌గానూ తెల్లవారేసరికి ట్రాక్‌ను రోడ్డుగానూ మార్చడం నేర్చుకున్నవారు, వీరందరి చేతిపని ఆ లెక్కల కాగితాల్లో ఎక్కడా కనిపించదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల నగర వీధుల్లో, ధారాళమైన దీపాల వెలుగులో, ఇదే లీగ్ రాత్రి పందేలు జరిగాయి. పొద్దు గుంకడం ఆ రాత్రి ఎవరికీ అడ్డు కాలేదు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న బ్లాక్‌బర్డ్స్ ఆ దీపాల కింద పరుగెత్తాయి. ఇక్కడ ఎన్టీఆర్ మార్గ్ మీద ఎప్పటిలాగే సిటీ బస్సులూ ఆటోలూ సికింద్రాబాద్ వైపు కట్ట ఎక్కాయి.