బియ్యపు గింజంత నత్త కోసం సముద్రం అడుగుకి!

ఈ ఎపిసోడ్‌లో న్యూడిబ్రాంక్‌ల గురించి మాట్లాడుకుందాం. సింపుల్‌గా చెప్పాలంటే, గుల్ల లేని సముద్రపు నత్తలు. వీటి ఫొటోల కోసమే నేను ఫిలిప్పీన్స్‌లోని అనిలావ్ వెళ్లాను.

మరి గుల్ల లేకపోతే రక్షణ ఎలా? కొన్ని రకాలు సీ అనిమోన్ల లాంటి కుట్టే జీవుల్ని తింటాయి. వాటిలోని కుట్టే కణాల్ని అరిగించుకోకుండా తమ వీపు మీద దాచుకుంటాయి. అంటే తిన్నదాని ఆయుధమే వీటికి ఆయుధం! చాలావాటికి ఆ మెరిసే రంగులు 'నా జోలికి రాకు' అనే హెచ్చరిక. కానీ లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు ముందు ఎరుపుని మింగేస్తాయి. ఫ్లాష్ కొడితేగానీ అసలు రంగు కనపడదు.

గైడ్ ఒకదాన్ని చూపించాడు. బియ్యపు గింజంత ఉంది. కోడ్‌లో బగ్ వెతకడమే ఈజీ అనిపించింది! కెమెరా కదలకూడదని ఊపిరి బిగబట్టాను. స్కూబాలో అది పెద్ద తప్పండి. అలాగే పైకి తేలితే, నీటి ఒత్తిడి తగ్గి లోపలి గాలి ఉబ్బుతుంది, ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. గైడ్ వేలు ఊపి వారించాడు. వెంటనే ఊపిరి వదిలాను. వదలగానే కిందకి జారాను.

పక్కనే పగడం. చెయ్యి ఆనిస్తే ఫొటో గ్యారంటీ. కానీ పగడం రాయి కాదు, ప్రాణమున్న జీవుల కాలనీ. వెనక్కి వచ్చేశాను.

అందుకే థంబ్‌నెయిల్‌లో ఉన్నది వేరే నత్త. మీరు మాత్రం ముందు నీళ్లలో నిలకడగా తేలడం నేర్చుకోండి, కెమెరా తర్వాత కొనుక్కోవచ్చు.