పాస్‌పోర్ట్ రెడీ.. మరి టీకా?

ఆఫర్ లెటర్ వచ్చింది, వీసా స్టాంపింగ్ అయింది. సూట్‌కేసులో ప్రెషర్ కుక్కర్, ఆవకాయ కూడా సర్దేశారు. హెపటైటిస్-ఎ టీకా వేయించుకున్నారా? చాలామంది వేయించుకోరు. ఎందుకంటే వీసా ఆఫీసులో ఎవరూ అడగరు కాబట్టి!

నా పాత రూమ్మేట్ కథ వినండి. అమెరికాలో ఎమ్మెస్ అయ్యాక, ఉద్యోగంలో చేరేముందు నెల రోజులకని ఇంటికొచ్చాడు. పానీపూరీ, చెరకురసం.. దేన్నీ వదల్లేదు. తిరిగెళ్లిన మూడో వారంలో జ్వరం, వాంతులు, తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. జాయినింగ్ డేట్ నెలన్నర వెనక్కి పోయింది. కంపెనీ ఆగింది కాబట్టి బతికిపోయాడు.

'ఇక్కడే పుట్టి పెరిగాం, మనకేమవుతుందిలే' అనుకోవద్దు. ఈ వైరస్ కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తుంది. చిన్నపిల్లలకు సోకితే చాలాసార్లు లక్షణాలే కనిపించవు, జీవితాంతం రక్షణ మిగులుతుంది. ఫిల్టర్ నీళ్లతో పెరిగిన మనలో చాలామందికి ఆ రక్షణ ఉండకపోవచ్చు. పెద్దయ్యాక సోకితే మాత్రం పచ్చకామెర్లు గట్టిగానే పట్టుకుంటాయి. వైరస్ ఒంట్లో చేరిన 15 నుంచి 50 రోజుల్లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు.

'చిన్నప్పుడు హెపటైటిస్ టీకా వేశారుగా' అంటారా? ప్రభుత్వ కార్యక్రమంలో వేసేది 'బి' టీకా. అది 'ఎ' నుంచి కాపాడదు.

ఏం చేయాలి?

* డాక్టర్‌ను అడిగి ఐజీజీ యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి. రక్షణ ఇప్పటికే ఉంటే టీకా అక్కర్లేదు.

* లేకపోతే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు మొదటి డోసు వేయించుకోండి. ఆలస్యమైనా మానేయొద్దు. రెండో డోసు ఆరు నెలల తర్వాత. ఒకే డోసు టీకా కూడా ఉంది. మీకేది సరిపోతుందో డాక్టరే చెబుతారు.

* ఆఫ్రికా, ఆగ్నేయాసియా దేశాలకు ఆన్‌సైట్ వెళ్లేవాళ్లూ, సెలవులకు ఇంటికొచ్చేవాళ్లూ ఐస్ ముక్కలు, కోసి ఉంచిన పండ్ల జోలికి పోవద్దు. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

* కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం పరుగెత్తకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ వైరస్‌కు ప్రత్యేకంగా మందు లేదు. విశ్రాంతి తీసుకుంటూ, మద్యానికి దూరంగా ఉండాలి. పారాసెటమాల్ కూడా డాక్టర్‌ను అడక్కుండా వేసుకోవద్దు.

చెక్‌లిస్ట్‌లో ఈ ఒక్క లైను ఈరోజే రాసుకోండి. జాయినింగ్ డేట్ మళ్లీ మళ్లీ రాదు కదా!