వినబడకపోయినా ‘ఊ’ కొట్టేస్తున్నారా?

వజ్రపుకొత్తూరు (శ్రీకాకుళం జిల్లా): “నీళ్లు రోజుకు లీటరు దాటకూడదు. ఈ మాత్ర రాత్రి పూట మాత్రమే” అని డాక్టర్ గారు చెబుతారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన “ఆ సార్, అలాగే సార్” అంటూ తల ఊపుతారు. బయటికొచ్చాక కొడుకు అడుగుతాడు, “అబ్బా, డాక్టర్ ఏం చెప్పారు?” అని. జవాబు ఉండదు. ఆయనకు సగం మాటలే వినబడ్డాయి. వినబడలేదని చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది. అందుకే ‘ఊ’ కొట్టేశారు.

ఇలాంటి సంగతి ఎక్కడైనా జరగొచ్చు. కానీ వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో పరుచుకున్న ఉద్దానంలో దీని ఖరీదు చాలా ఎక్కువ. ఇక్కడ మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్లను పట్టి పీడిస్తోంది. ఆ రోగికి నీటి లెక్క, మాత్రల వేళ, డయాలసిస్ రోజు అన్నీ నోటిమాటగానే అందుతాయి. ఆ మాట చెవికి ఎక్కకపోతే మందు సరిగ్గా వాడటం కూడా కష్టమే.

చెవుడు వయసుతో వచ్చేదే కదా, ఏం చేస్తాం అని చాలా ఇళ్లలో వదిలేస్తారు. చేయాల్సింది చాలానే ఉంది. అందులో సగం డాక్టర్ చేతిలో ఉంటే, మిగతా సగం ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది.

వినబడుతుంది, కానీ అర్థం కాదు

“మా దాదాకు వినబడదా? తనకు కావాల్సినవైతే బాగానే వినబడతాయి” అని ఇంట్లో నవ్వుకోవడం మామూలే. నిజానికి అది నటన కాదు. చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. శబ్దాన్ని పట్టుకుని మెదడుకు పంపే సన్నని కేశకణాలు అందులో ఉంటాయి. అవి ఒకసారి పాడైతే మనుషుల్లో మళ్లీ మొలవవు. వయసు వల్లగానీ మోత వల్లగానీ ముందుగా దెబ్బతినేవి సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలను పట్టే కణాలు.

మాటలో అచ్చులు బలంగా ఉంటాయి. ప, త, క, చ, స లాంటి హల్లులు మెత్తగా, సన్నగా ఉంటాయి. అందుకని పాలు, కాలు, చాలు అనే మూడు మాటలూ ఆ చెవికి ఒకేలా ఉంటాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కరు మాట్లాడితే పట్టుకోగలుగుతారు. టీవీ మోగుతూ, పిల్లలు అరుస్తూ, నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే అసలు పట్టుకోలేరు. “కావాల్సినవే వినబడతాయి” అని అనిపించడానికి కారణం ఇదే.

ఇది ఏ ఒక్క ఊరి సమస్యో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక స్థాయి వినికిడి లోపంతో ఉన్నారు. వాళ్లలో సుమారు 43 కోట్ల మందికి చికిత్స, సహాయం అవసరం.

కిడ్నీకీ చెవికీ లింకు

ఉద్దానం కుటుంబాలు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లలో వినికిడి తగ్గడం ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధనలు చెబుతున్నాయి. మూత్రపిండంలోనూ, చెవి లోపలి నత్తగుల్లలోనూ నీళ్లను, లవణాలను అటూ ఇటూ పంపే పొరలు ఇంచుమించు ఒకే తీరుగా పనిచేస్తాయి. అందుకే రెండింటికీ ముప్పు కలిసి వచ్చే అవకాశం ఉంది.

కొన్ని మందుల సంగతి కూడా అంతే. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదులో ఇచ్చే ఫ్యూరోసెమైడ్ కొందరిలో వినికిడిని దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు సరిగ్గా పనిచేయని వాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అలాగని మందు సొంతంగా ఆపేయకూడదు. అది ప్రాణం మీదికి తెస్తుంది. మందు మొదలుపెట్టాక చెవిలో హోరు వచ్చినా, తల తిరిగినా, మాట మసకబారినా అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. ఏదైనా ఇంజెక్షన్ చేయించుకునే ముందు “మాకు కిడ్నీ జబ్బు ఉంది, వినికిడి కూడా తక్కువే” అని ఆర్‌ఎంపీకైనా సరే ముందే చెప్పేయాలి.

పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అక్కడికైనా, మరెక్కడికైనా వెళ్లేటప్పుడు వినికిడి తగ్గిన రోగిని ఒంటరిగా పంపకుండా ఉంటే మంచిది. తోడు వెళ్లడం కుదరకపోతే “నాకు సరిగ్గా వినబడదు, దయచేసి రాసివ్వండి” అని ఒక కాగితం మీద రాసి ఓపీ చీటీకి పిన్ను పెట్టి పంపండి. చాలా చిన్న పని, కానీ బాగా పనికొస్తుంది.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

అన్ని చెవుళ్లూ ఒకటి కాదు. గులిమి గట్టిపడి అడ్డుపడినా, చెవి కారినా, కర్ణభేరికి చిల్లుపడినా శబ్దం లోపలికి చేరదు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అగ్గిపుల్లలు, పిన్నీసులు పెట్టి తిప్పడం, కాచిన నూనె పోయడం మాత్రం మానుకోవాలి. చిల్లు ఉన్న చెవిలో నూనె పోస్తే ఉన్న జబ్బు ఇంకా ముదురుతుంది.

ఉన్నట్టుండి ఒక చెవి వినబడటం మానేస్తే, జలుబు వల్ల అనుకుని వారం పది రోజులు ఆగకూడదు. ఇది అత్యవసరం. మొదటి రెండు మూడు రోజుల్లోనే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపిస్తే మందుతో వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

మోత వల్ల వచ్చే చెవుడు మెల్లగా వస్తుంది. ఇంజిను పడవల మీద వేటకు వెళ్లేవాళ్లు, జీడిపప్పు పరిశ్రమల్లో మిషన్ల దగ్గర నిలబడేవాళ్లు, టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. చేయి చాచితే తగిలేంత దూరంలో ఉన్న మనిషితో కూడా గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే ఆ మోత చెవికి హాని చేసే స్థాయిలో ఉందని లెక్క. చెవిలో పెట్టుకునే రబ్బరు ప్లగ్గులు పెద్ద ఖర్చు కాదు. దూది కుక్కుకుంటే సరిపోదు.

పిల్లల విషయంలో ఆలస్యం ఇంకా ప్రమాదం. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడని పసిబిడ్డను, ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డను వెంటనే పరీక్షించాలి. “వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి” అని ఆగితే, మాట నేర్చుకునే విలువైన వయసు దాటిపోతుంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు తరతరాలుగా సాగే కుటుంబాల్లో పుట్టుకతో చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇంట్లో మాట్లాడే తీరు మారాలి

వంటింట్లోంచి ఒక కేక, “ఏటీ?” అని ఒక ప్రశ్న, మళ్లీ ఇంకా పెద్ద కేక. చివరికి “ఏం లేదులే!” అనే విసుగు. ఇద్దరికీ కోపమే మిగులుతుంది. అరిస్తే అచ్చుల మోతే పెరుగుతుంది, హల్లులు అలాగే మసకగా ఉంటాయి. పైగా అరిచే మొహం కోపంగా కనిపిస్తుంది. దానికి బదులు ఇలా చేసి చూడండి:

— ముందు దగ్గరికి వెళ్లి, భుజం తట్టి, మొహం చూశాకే మాట మొదలుపెట్టండి. మీ మొహం మీద వెలుతురు పడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే పెదాలు కనబడవు.

— టీవీ కట్టేయండి, లేదా సౌండ్ తీసేయండి. ఒకసారి ఒక్కరే మాట్లాడండి.

— మామూలు గొంతుతో, కాస్త నెమ్మదిగా చెప్పండి. రెండుసార్లు చెప్పినా అందకపోతే అదే వాక్యాన్ని మూడోసారి అరవకండి. మాట మార్చి చెప్పండి. “సంచి ఎక్కడ?” అంటే అందకపోతే “బజారుకు తీసుకెళ్లే బ్యాగు ఎక్కడ పెట్టారు?” అనండి.

— ఉర్దూ, తెలుగు రెండూ కలిపి మాట్లాడే ఇళ్లలో ఒక చిక్కుంది. వాక్యం మధ్యలో భాష మారితే పెదాలు చూసి ఊహించడం కష్టమవుతుంది. ముందు దేని గురించో చెప్పండి, “దాదీ, షాదీ సంగతి” అని. తర్వాత ఒకే భాషలో కొనసాగించండి.

— డబ్బు, తేదీ, టైము, మాత్రల లెక్క రాసి చూపించండి. విన్నది మళ్లీ చెప్పించుకోండి. “అర్థమైందా?” అని అడిగితే ‘ఊ’ వస్తుంది. “ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?” అని అడిగితే నిజం బయటపడుతుంది.

— “ఏం లేదులే” అనే మాట మానేయండి. నలుగురూ నవ్వుతుంటే తనకు మాత్రం ఎందుకో తెలియకుండా కూర్చోవడం చాలా పెద్ద ఒంటరితనం. అలా కొన్నాళ్లు గడిస్తే వాళ్లు షాదీలకూ, దావత్‌లకూ రావడమే మానేస్తారు. నడివయసులో వినికిడి తగ్గి, దాన్ని పట్టించుకోకపోతే మతిమరుపు జబ్బు ముప్పు పెరుగుతుందని కూడా వైద్యులు హెచ్చరిస్తున్నారు.

వినికిడి తగ్గిన వాళ్లు కూడా ఒక అలవాటు మార్చుకోవాలి. దాచుకోవడం వల్ల లాభం లేదు. “నాకు కాస్త వినికిడి తక్కువ, నా వైపు తిరిగి చెప్పండి” అని ముందే అనేస్తే ఎదుటివాళ్లు సర్దుకుంటారు. కళ్లజోడు పెట్టుకున్నందుకు ఎవరూ సిగ్గుపడరు కదా, ఇదీ అంతే. మాటను అక్షరాలుగా చూపించే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ లాంటి ఫోన్ యాప్‌లు తెలుగులోనూ పనిచేస్తాయి. తప్పులు పడతాయి గానీ, అవసరానికి ఆదుకుంటాయి.

వినికిడి యంత్రం, వుజూ, హిజాబ్

వినికిడి యంత్రం కొని వారంలోనే డబ్బాలో పెట్టేసినవాళ్లు చాలామంది ఉంటారు. గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు ఒక్కసారిగా మీద పడటంతో చిరాకు వస్తుంది. ఏళ్లుగా వినని శబ్దాలకు మెదడు మళ్లీ అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట ఇంట్లో, రోజుకు కొన్ని గంటలు పెట్టుకుని మెల్లగా పెంచాలి. పరీక్ష చేయించుకోకుండా, ప్రకటన చూసి కొన్న యంత్రం అందరికీ సరిపోదు.

వుజూకూ స్నానానికీ ముందు యంత్రం తీసి, చెవి పూర్తిగా ఆరాక పెట్టుకోవాలి. హిజాబ్ గానీ దుపట్టా గానీ మైకు మీద బిగుతుగా పడితే రాపిడి చప్పుడు, కూత వస్తాయి. చెవి దగ్గర కాస్త వదులుగా, పల్చని బట్టతో కట్టుకుంటే ఇబ్బంది తగ్గుతుంది. సముద్రపు గాలి తేమకు యంత్రం త్వరగా పాడవుతుంది. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టాలి.

రాత్రి యంత్రం తీసి పడుకున్న వాళ్లను ఎవరు లేపాలి? ఈ తీరంలో అది వట్టి ప్రశ్న కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది తెల్లవారుజామునే. మైకులో హెచ్చరిక, పక్కింటి కేక, సైరన్ ఏదీ వినబడని మనిషి ఇంట్లో ఉంటే, వాళ్లను తట్టి లేపే బాధ్యత ఎవరిదో ముందే పేరు పెట్టి అనుకోవాలి. టార్చి, ఫోను, యంత్రం, అదనపు బ్యాటరీలు ఒకే సంచిలో ఉండాలి. రంజాన్‌లో సహర్‌కు లేపడానికీ ఇదే ఏర్పాటు పనికొస్తుంది. దిండు కింద పెట్టిన ఫోను వైబ్రేషన్ కూడా చాలామందికి సరిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి

మొదట టెక్కలి లేదా శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. పెద్ద పరీక్షలకు విశాఖపట్నం పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు వైస్ చాన్సలర్‌గా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు మీద 1983లో ముంబైలో ఏర్పడిన జాతీయ వాక్, శ్రవణ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పిల్లల పరీక్షలకూ, మాట శిక్షణకూ అది పేరున్న చోటు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ వినికిడి పోయినవాళ్లు కూడా దాని కిందికి వస్తారు. పూర్తిగా వినబడనివాళ్లకే అనుకోనక్కర్లేదు. సదరం ధ్రువపత్రం, ఆదాయ పత్రం ఉంటే ప్రభుత్వ పథకాల కింద వినికిడి యంత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వివరాలు గ్రామ సచివాలయంలో అడగాలి.

మస్జిద్‌లో కాస్త చోటు

జుమా ఖుత్బా వినబడక వెనక వరుసలో తల వంచుకుని కూర్చునే పెద్దలు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లకు ముందు వరుసలో, ఇమామ్ సాహెబ్ మొహం కనబడే చోటు ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. ఖుత్బా సారాంశం నాలుగు వాక్యాల్లో వాట్సాప్‌లో పెట్టినా చాలు.

ఈ మర్యాద కొత్తదేమీ కాదు. అన్సార్‌ల వక్తగా పేరొందిన హజ్రత్ సాబిత్ ఇబ్న్ ఖైస్ (రజి)కు వినికిడి తక్కువని, ప్రవక్త (స) సభలో ఆయన దగ్గరగా కూర్చుని వినేలా తోటివాళ్లు చోటు ఇచ్చేవారని ఖురాన్ వ్యాఖ్యాన గ్రంథాలు చెబుతాయి. వినికిడి తగ్గినా ఆయన మాట విలువ తగ్గలేదు. చుట్టూ ఉన్నవాళ్లు కాస్త జరిగి చోటిచ్చారు.

ఈ రోజు ఇంట్లో మీ దాదీతోనో, అబ్బాతోనో మాట్లాడేటప్పుడు దగ్గరికి వెళ్లి, ఎదురుగా కూర్చుని ఒక్క మాట చెప్పి చూడండి. ఈసారి వచ్చే ‘ఊ’ నిజంగా విని కొట్టిన ‘ఊ’ అయి ఉంటుంది.