చలికాలంలో కళ్లు మండుతున్నాయా? ముందు ఇంట్లో గాలి సంగతి చూడండి

అమెరికాలో చలి మొదలైతే కిటికీలు మూసేస్తాం, హీటర్ ఆన్ చేస్తాం. వేడెక్కిన గాలి పొడిబారుతుంది, కంటి మీది తడి పొర త్వరగా ఆరిపోతుంది. అలాంటి కళ్లకు ఎండుమిరపకాయల పోపు ఘాటు, అగరుబత్తి, సాంబ్రాణి పొగ మామూలు కన్నా ఎక్కువ మంట పెడతాయి.

పోపు పెట్టే ముందే స్టవ్ మీది ఫ్యాన్ వేయండి. అయితే చాలా అపార్ట్‌మెంట్లలో ఆ ఫ్యాన్ పొగను బయటికి పంపదు, ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ వంటగదిలోకే వదులుతుంది. అలాంటి చోట ఎంత చలి ఉన్నా పది నిమిషాలు కిటికీ తీయక తప్పదు. ఫర్నేస్ ఫిల్టర్ మార్చడం మరవకండి. హ్యుమిడిఫయర్ పెడితే తేమ 30 నుంచి 50 శాతం మధ్య చాలు. అంతకు మించితే బూజు పడుతుంది.

కుక్కలు, పిల్లులు నోరు తెరిచి చెప్పలేవు. పైగా వెచ్చదనం కోసం వెంట్ ముందే పడుకుంటాయి. పగ్, షిట్జూ లాంటి చదును ముఖం కుక్కల కళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి వాటికి ముప్పు ఎక్కువ. పడకను వెంట్‌కు దూరంగా జరపండి. పూజ పొగ పోయేదాకా వేరే గదిలో ఉంచండి.

మనం ఎరుపు తగ్గడానికి వేసుకునే చుక్కల మందు మాత్రం వాటికి వేయకండి, సీసా అందనివ్వకండి. టెట్రాహైడ్రోజొలిన్ ఉన్న మందు కడుపులోకి పోతే వాటికే కాదు, పసిపిల్లలకూ ప్రమాదమే. కుక్క గానీ పిల్లి గానీ ఒక కన్ను మూసుకునే ఉన్నా, పదే పదే కాలితో రుద్దుకుంటున్నా అదే రోజు వెట్‌కు చూపించండి. కార్నియా మీద పుండు పడి ఉండొచ్చు, ఆలస్యమైతే చూపు పోవచ్చు.